వేట నిషేధం రోజుల్లో నేను వేసిన షాఫ్టులను వెనక్కి తీసుకుంటున్నాను

ఇస్కపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, మైపాడు వైపు నుంచి మా షాపుకు ఇంజన్లు తెచ్చే అన్నలందరికీ నమస్కారం. ఈ ఏడాది వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, మా దగ్గర ఫ్యాను షాఫ్టు, అంటే నీళ్లలో పడవను తోసే ఫ్యానును ఇంజన్‌తో కలిపే రాడ్డు, కొత్తది వేయించుకుని ఉంటే, దయచేసి ఆ పడవను నీళ్లలోకి దించకండి. మొత్తం పద్నాలుగు పడవలు. పదకొండు మందితో ఫోనులో మాట్లాడాను. ముగ్గురు దొరకలేదు. వాళ్లకు తెలిసినవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఈ రోజే కబురు చెప్పండి.

నేను వేసిన ఆ షాఫ్టుల లోహం మంచిది కాదు. అది ఎలా తెలిసిందో మీకు చెప్పాలి.

నాన్నగారి ఇంజన్ మీలో చాలామందికి తెలుసు. లిస్టర్ కంపెనీది, ఒకే సిలిండర్, ఆరు హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు. ఒకప్పుడు చేలల్లో బావుల దగ్గర దడదడమంటూ నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్లు ఈ జాతివే. నాన్న దాన్ని పడవకు బిగించి బకింగ్‌హామ్ కాలువలో ఉప్పు, సరుగుడు కట్టెలు తోలేవారు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఇంజన్ మరమ్మతు కోసం ఊళ్లో షెడ్డులో ఉంది. పడవ పోయింది, ఇంజన్ మిగిలింది. ఆ తర్వాత నాన్న దాన్ని ముట్టుకోలేదు. ఇరవై ఏళ్లు గోనెపట్టాల కింద పడి ఉంది.

నిరుడు తీశాను. పిస్టన్ సిలిండర్‌లో కరుచుకుపోయింది. చెక్క పెట్టి సుత్తితో కొట్టమని ముగ్గురు మేస్త్రీలు చెప్పారు. నేను కొట్టలేదు. అది పోత ఇనుము. పగిలితే అతుకు నిలవదు. ఇంజెక్టర్ విప్పి, ఆ రంధ్రంలో కిరసనాయిలు, గేరు ఆయిలు కలిపి పోశాను. రోజూ పొద్దున్నే వచ్చి ఫ్లైవీలు మీద చేతి బలం మాత్రమే పెట్టి చూసేవాణ్ణి. పదకొండో రోజు వెంట్రుకవాసి కదిలింది. ఆ రోజు షాపు మూసేసి ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. ఆ తర్వాత పని తేలికే. వాల్వులు రుద్దాను, హెడ్డులో నీళ్లదారికి పట్టిన పెచ్చులు తీయించాను. రింగులు రాజ్‌కోట్ నుంచి తెప్పించాను. ఈ నమూనాకు విడిభాగాలు అక్కడ ఇప్పటికీ దొరుకుతాయి. మే నెలలో దాన్ని మా రిపేరు పడవకు బిగించాను. జూన్ నుంచి ఉప్పుటేరులో మీ పడవల దగ్గరికి వస్తున్నది ఆ ఇంజన్ మీదే.

ఆ పడవకు వేసిన షాఫ్టు, మీకు వేసిన షాఫ్టులు అన్నీ ఒకే సరుకులోవి.

సెప్టెంబర్ చివర్లో వానలకు ముందు రంగు వేద్దామని పడవను గట్టుకు లాగించాను. షాఫ్టు బయటికి తీసి చూస్తే, దాని చుట్టూ ఉండే గొట్టం లోపల ఉన్న భాగమంతా గోధుమరంగు మరకలు. గోనెతో తుడిచాను. మరక పోయింది, కింద గుంటలు కనిపించాయి. సూది మొన దిగేంత గుంటలు. ఐదు నెలలు కూడా నిండని స్టెయిన్‌లెస్ షాఫ్టు అది.

మీ షాఫ్టులు ఇంకా పైకి బాగానే కనిపిస్తూ ఉండవచ్చు. దాన్ని చూసి ధైర్యపడవద్దు. మీరు రోజూ పడవను ఒడ్డుకు లాగుతారు. షాఫ్టు ఉన్న తోక పైకి లేస్తుంది, నీళ్లు కారిపోతాయి, గాలి తగులుతుంది. స్టెయిన్‌లెస్ మీద కంటికి కనిపించని పలుచని పొర ఒకటి ఉంటుంది. గాలి తగిలినంతకాలం అది తనను తాను బాగుచేసుకుంటుంది. మా పడవ ఎప్పుడూ నీళ్లలోనే కట్టి ఉంటుంది. గొట్టంలో కదలని ఉప్పునీళ్లు నిలిచిపోతే ఆ పొర చిల్లులు పడుతుంది. అందుకే రోగం ముందు మా పడవలో బయటపడింది. మీ షాఫ్టుకు బుష్షు కింద, ఫ్యానును బిగించే కీ గాడి మూలల్లో అదే మొదలవుతూ ఉంటుంది. ఫ్యాను బరువంతా పడేది అక్కడే. విరిగితే అక్కడే విరుగుతుంది, అదీ ఒడ్డున ఉన్నప్పుడు విరగదు.

ఉప్పునీళ్లకు 316 రకం స్టెయిన్‌లెస్ కావాలి. అందులో రెండు నుంచి మూడు శాతం దాకా మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, గుంటలు పడకుండా కాచేది ముఖ్యంగా అదే. 304లో అది కలపరు. 202 అయితే నికెల్ కూడా తగ్గించి, మాంగనీసు పోసి చౌకగా చేస్తారు. వంటింటి గిన్నెలకు, మెట్ల పక్క కమ్మీలకు అది చాలు. మూడు రకాలూ పక్కపక్కన ఉంటే ఏది ఏదో కంటితో పోల్చలేం. నేను అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు, సరేననుకున్నాను. 202కు కూడా అయస్కాంతం అంటుకోదు. ఆ సంగతి తెలిసి కూడా, పాత వ్యాపారి కదా అని ఊరుకున్నాను. ఈ తప్పు నాది.

మాలిబ్డినం పరీక్షకు ఒక మందు దొరుకుతుంది. చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే 316 మీద రంగు మారాలి. మిగిలిన ముక్కల మీద వరుసగా ఆరుసార్లు వేశాను. మారలేదు. ఒక ముక్కను చెన్నైలో పరీక్షకు ఇచ్చాను. నికెల్ నాలుగు శాతం పైచిలుకు, మాంగనీసు ఎనిమిది దాటింది, మాలిబ్డినం లేనట్టే.

ఆ వ్యాపారి దగ్గర పన్నెండేళ్లుగా కొంటున్నాను. ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు. ఫోను చేస్తే, "ఉప్పునీళ్లలో పెడితే ఇనుము తుప్పు పట్టదా?" అన్నాడు. నేను 316 అని అడిగానని చెబితే, బిల్లు చూసుకోమన్నాడు. చూశాను. "ఎస్.ఎస్. రాడ్డు", అంటే స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు అని మాత్రమే ఉంది, అంకె లేదు. నేను చెల్లించింది 316 ధర. మర్నాడు ఆయన మనిషి వచ్చి, సగం డబ్బు తర్వాతి సరుకులో తగ్గిస్తామని చెప్పాడు. తర్వాతి సరుకు ఉండదని చెప్పి పంపించాను. మొండితనం అని మా తమ్ముడు అన్నాడు. అయి ఉండవచ్చు. ఇరవై రెండేళ్లుగా మీరు నా షాపు నుంచి షాఫ్టు తీసుకెళ్లేటప్పుడు ఎవరూ దాన్ని పరీక్షించి చూసుకోలేదు. నా మాట మీద తీసుకెళ్లారు. ఆ మాటను ఒక మనిషి సగం ధరకు బేరం పెడితే నేను ఎలా ఒప్పుకుంటాను?

మూడు రాత్రులు నిద్ర పట్టనిది మాత్రం వేరే విషయానికి. మీకు ఇప్పుడే చెప్పాలా, వచ్చే ఏప్రిల్ నిషేధం దాకా ఆగాలా? వేట సాగుతున్న రోజుల్లో పడవ ఆపడమంటే ఏమిటో నాకు తెలుసు. రోజుకూలీ, ఐసు, వలల అప్పు, అన్నీ మీ నెత్తినే. ఏప్రిల్‌లో ఎటూ ఇంజన్లు విప్పుతారు, అప్పుడు నిశ్శబ్దంగా మార్చేస్తే నా పేరు కూడా నిలుస్తుందని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. నిజం చెబుతున్నాను, ఒక పూటంతా ఆ సలహా నాకు నచ్చింది. కానీ ముందున్నవి అక్టోబర్, నవంబర్, డిసెంబర్. వాయుగుండం వచ్చే నెలలు. గాలి తిరిగిందని ఒడ్డుకు పరుగెత్తే వేళ ఫ్యాను ఊడి సముద్రంలో పడితే, పడవలో ఉన్న నలుగురూ నాకు పేరుపేరునా తెలిసినవాళ్లు. నాన్న బతికి ఉంటే ఈ ప్రశ్న నన్ను అడగనిచ్చేవారు కాదు.

కొత్త రాడ్లు వేరే చోట కొన్నాను. బిల్లు మీద 316 అని, కరిగించిన విడత సంఖ్య అని రాయించాను. పరీక్ష పత్రం షాపు గోడకు అంటించి ఉంటుంది. ప్రతి రాడ్డు మీద మీ ఎదుటే చుక్క వేసి చూపిస్తాను. షాఫ్టుకు గానీ, లేతు పనికి గానీ, బిగింపుకు గానీ ఒక్క రూపాయి తీసుకోను. ఆగిన రోజులకు నష్టం కట్టే శక్తి నాకు లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. దూరం వెళ్లే పడవలకు ముందు వేస్తాను, తర్వాత ఏటిలో తిరిగేవాటికి. పాత షాఫ్టులు నాకే ఇవ్వండి, పాత ఇనుము వాళ్లకు అమ్మకండి. అవి మళ్లీ ఎవరి పడవలోకో చేరకూడదు.

రిపేరు పడవ నెల రోజులు రాదు. దానికి షాఫ్టు చివరన వేస్తాను. ఈ గొడవలో ఆ పాత ఇంజన్ తీసేసి కొత్తది పెట్టుకోమని కొందరు అంటున్నారు. దాని తప్పేమీ లేదు. మొన్న గట్టు మీద షాఫ్టు లేకుండానే హ్యాండిల్ తిప్పితే రెండో చుట్టుకు అందుకుంది. అది అక్కడే ఉంటుంది.

రాడ్లు గురువారం దిగుతాయి. లేతు రాత్రి తొమ్మిది దాకా నడుస్తుంది, ఆదివారం కూడా. పడవను ఒడ్డుకు లాగి కబురు పెట్టండి, విప్పడానికి నేనే వస్తాను.