రేంజర్ అడిగే ఆ ఒక్క ప్రశ్న

ఎడిటర్ గారికి,

బాలి వెళ్లే మనవాళ్లు ఈమధ్య ఇండోనేషియాలోనే ఫ్లోరెస్ దీవిలో ఉన్న లబువాన్ బాజో ఊరి దాకా విమానంలో వెళ్లి, అక్కడ పడవెక్కి కొమొడో డ్రాగన్లను కూడా చూసొస్తున్నారు. మొన్న దసరా సెలవుల్లో మేమూ వెళ్లాం. డ్రాగన్ అనే పేరే గానీ, అది మన ఉడుము జాతే. కాకపోతే పది అడుగుల దాకా పెరిగి, జింకల్ని, దున్నల్ని కూడా పడగొడుతుంది.

ఆ డ్రాగన్లుండే కొమొడో దీవుల ప్రాంతం 1980లోనే నేషనల్ పార్కు అయింది. రేంజర్ లేనిదే తిరగనివ్వరు. రేవులో దిగగానే పంగల కర్ర పట్టుకుని ఒకాయన వచ్చాడు. ఎవరికైనా గాయాలున్నాయా, ఆడవాళ్లలో ఎవరైనా నెలసరిలో ఉన్నారా అని అందరి ముందూ అడిగాడు. ఆ జంతువు నాలుక చాచి గాలిలో వాసన పడుతుంది. నెత్తుటి వాసనైతే కిలోమీటర్ల అవతల ఉన్నా పసిగడుతుందట.

మా అమ్మాయి తల దించుకుని "నో" అంది. పక్కనే భర్త, మామగారు, ముక్కూమొహం తెలియని మరో ఎనిమిది మంది. తనకది రెండో రోజని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు సర్జికల్ వార్డులో నర్సుగా చేశాను. అయినా నా నోరూ పెగల్లేదు! నాలుగడుగులు వేశాక ఉండబట్టలేక వెళ్లి రేంజర్ చెవిలో చెప్పాను. అతను కనుబొమ్మ కూడా ఎగరేయలేదు. అమ్మాయిని తన వెనకాలే, గుంపుకు మధ్యలో నడవమన్నాడు, అంతే.

చెట్టు నీడలో ఒకటి పొట్ట నేలకానించి పడుకుని ఉంది, మూతి నుంచి తాడులా చొంగ. ఇదేం కదులుతుందిలే అనిపిస్తుంది. మా గుంపులో ఒక కుర్రాడు సెల్ఫీ కోసం దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. అది తల ఎత్తేసరికి రేంజర్ కర్ర అడ్డం పెట్టాడు. దాని కింది దవడలో విషగ్రంథులున్నాయని 2009లో తేల్చారు. ఆ విషానికి రక్తం గడ్డకట్టదు. ఒకవేళ కరిస్తే, గాయానికి ఎంత గట్టిగా కట్టు కట్టినా, మళ్లీ పడవెక్కి లబువాన్ బాజో చేరాలి కదా, నాకదీ టెన్షన్.

మాకు టికెట్లు చేసిన ఏజెంటు భోజనంలో ఉల్లి, వెల్లుల్లి వద్దా అని కూడా అడిగాడు, ఇది మాత్రం చెప్పలేదు. ఆడవాళ్లకు ముందురోజే విడిగా ఒక వాట్సాప్ మెసేజ్ పెడితే ఏం పోతుంది? మీ టూరిజం పేజీలో బాలి గురించి రాసినప్పుడు ఈ ముక్క కూడా వేయండి.

అమ్మాయికి నా మీద కోపం ఇంకా తగ్గలేదు. నేను చెవిలోనే చెప్పానమ్మా అంటే, రేంజర్ "ఓకే మేడమ్" అని అరిచింది మామగారికి వినబడిందట.

- ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, రాజమహేంద్రవరం