బుల్లికి, రాజమండ్రి నుంచి

ఒసేయ్ బుల్లీ,

నిన్న నీ ఫోను నాకు వినపడలేదే. ఆ మాటంటే మా కోడలు నవ్వింది, "పక్కింటివాళ్ళకి వినపడింది అత్తయ్యగారూ" అని. ఈ కాగితం మనవడికిస్తే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతానన్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించకు. ఎస్సెల్సీలో నా నోట్సు చూసి రాసినదానివి నువ్వు.

మొన్న ఆవకాయ పెట్టాను. కొత్తపల్లి కొబ్బరి మామిడి, పాతిక కాయలు. ఒకప్పుడు మన రెండిళ్ళకీ కలిపి రెండొందలు కొట్టేవాళ్ళం కదా! ఈసారి కత్తిపీట ముందు కూర్చోవడమైతే కూర్చున్నాను, లేవడమే కాలేదు. అబ్బాయీ కోడలూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆ పూట ఏడుపొచ్చిందే. మోకాళ్ళ నొప్పికి కాదు. నన్ను లేపుతూ వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, ఆ చూపుకి. మా అత్తగారిని లేపేటప్పుడు నేనూ ఆయనా అచ్చం అలాగే చూసుకునేవాళ్ళం.

చావంటే భయం లేదని నీ దగ్గర ఎన్నిసార్లు కోశానో! అది సగమే నిజం. పోవడానికి భయం లేదు, మంచాన పడ్డానికుంది. "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నానా, మొదటిది దేవుడి చేతిలో ఉంది, రెండోది కోడలి చేతిలో. పిల్ల మంచిదేలే.

ఆయన ఆఖరి తొమ్మిది రోజులూ నీకు తెలుసు. నోట్లో గొట్టం, పీకేసుకుంటారని చేతులు మంచానికి కట్టేశారు. కళ్ళతో ఏదో చెప్పబోయేవారు. ఏమిటో ఇప్పటికీ తెలీదు. అందుకే ఈమధ్య లాయరుగారి చేత కాగితం రాయించాను. ఇక కోలుకోదని డాక్టర్లు తేల్చాక వెంటిలేటర్లవీ పెట్టొద్దని ముందే రాసుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పిందట. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కూడా కావాలనేవారు. 2023లో తేలిక చేశారు: ఇద్దరు సాక్షులూ, నోటరీయో గెజిటెడ్ ఆఫీసరో ఉంటే సరి. మనకి తెలివి లేనప్పుడు మన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా అందులో రాయాలి. అమ్మాయి పేరు రాయించాను. అబ్బాయిది మెత్తటి ప్రాణం, ఏడుస్తూ డాక్టరు ఏమంటే దానికి సరేనంటాడు. వాడు అలిగి రెండ్రోజులు మాట్లాడలేదు. కొత్తావకాయ కలిపి ముద్దలు పెడితే దారికొచ్చాడు.

కళ్ళు కూడా ఇచ్చేస్తున్నాను. శుక్లాలు తీసిన కళ్ళు ఎవడిక్కావాలే అన్నావుగా, కావాలిట. వాళ్ళు తీసుకునేది నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, దానికి వయసుతో పని లేదు. ఆరు గంటల్లోపు తీసేయాలి. ప్రాణం పోగానే రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను కట్టేయాలి. "ఏడుపు తర్వాత, ముందు ఫ్యాను కట్టెయ్యి" అని అమ్మాయికి చెప్పాను. అది ఠక్కున ఫోను పెట్టేసింది. మళ్ళీ గంటకి తనే చేసి, ఎవరికి కబురు చెయ్యాలో నంబరు రాసుకుంది.

ఇంతా చేసి, 2027 పుష్కరాలకి మాత్రం దేవుడితో బేరమాడుతున్నాను. 2039 నాకక్కర్లేదు, తన దగ్గరే ఉంచుకోమన్నాను. 1991లో కోటిలింగాల రేవులో నీ చెప్పులు పోయి కాలే సిమెంటు మీద గెంతుకుంటూ వచ్చావే, అది తలుచుకుని నిన్న ఒక్కదాన్నే నవ్వాను. 2015లో మెట్లు దిగడానికి నేను ఆయన చెయ్యి పట్టుకున్నానో, ఆయన నాది పట్టుకున్నారో! ఈసారి నువ్వూ నేనూ. మెట్ల దాకా పోలేకపోతే చెంబుతో తెప్పించుకుని నెత్తిన పోసుకుందాం, గోదారేం అనుకోదు. రిజర్వేషను తెరవగానే గౌతమిలో కింది బెర్తు చేయించుకో.

ఊరగాయ మూడో రోజు తిరగ కలిపాను. ఉప్పు తగ్గిందేమోనని అనుమానం. నా నాలుక మాట నేనే నమ్మడం లేదు, కోడలేమో బాగుందంటుంది, అది నేనేం పెట్టినా బాగుందనే అంటుంది. ఎవరైనా హైదరాబాదొస్తే చిన్న జాడీ ఇచ్చి పంపుతాను. తిని నిజం చెప్పు. ఉప్పు చాలకపోతే ఇప్పుడే కలపాలి, లేకపోతే వచ్చే కాయల దాకా నిలవుండదు.

నీ
చిట్టి