రావణుడికి 48 చుక్కలు చాలవు

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం మీ పిల్లల పేజీలో చుక్కలు కలిపే బొమ్మ, రంగులు నింపే బొమ్మ వేస్తుంటారు. హైస్కూల్లో 31 ఏళ్లు డ్రాయింగ్ చెప్పినవాణ్ని కాబట్టి వాటి విలువ నాకు తెలుసు. వాటి పక్కన ఇంకొకటి కూడా వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

తొమ్మిదో తరగతి చదివే మా మనవడు వేసవి సెలవుల్లో ఆర్‌పీజీ మేకర్ ఎంవీ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా ఆట తయారు చేయడం మొదలుపెట్టాడు. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఊళ్లు, పాత్రలు, మాటలు అమర్చుకుని కథను ఆటగా మలచుకోవచ్చు. వాడు ఎంచుకున్నది లంకాదహనం. కానీ అందులో ముందే ఇచ్చిన బొమ్మలన్నీ పెద్ద తల, పొట్టి కాళ్ల కత్తివీరులు, మంత్రగత్తెలు. వాళ్లలో కవచం తొడుక్కున్న ఒకడికి రావణుడని పేరు పెట్టి తెచ్చి చూపించాడు. నాకు మనసొప్పలేదు. మా ధర్మవరం పక్కనే తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట ఉంది. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. చిన్నప్పుడు నేను తెల్లవార్లూ మేలుకుని తెర మీద చూసిన రావణుడు మనిషంత ఎత్తుండేవాడు. ఆయన్నే గీద్దాం రా అన్నాను. "సైజు చాలదు తాతా" అన్నాడు.

వాడన్నది నిజమే. ఆటలో నేలంతా గళ్లు గళ్లుగా ఉంటుంది. ఒక గడి 48 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తు. చుక్క అంటే కంప్యూటర్ తెర మీద బొమ్మను కట్టే అతి చిన్న బిందువు, పిక్సెల్. మామూలు పాత్ర ఆ గడిలోనే ఇమడాలి. అందులో పది తలలు పేరిస్తే తలకు ఐదు చుక్కలైనా రావు. మీసం ఎక్కడ దిద్దాలి, కిరీటం ఎక్కడ పెట్టాలి?

రెండు రోజులు వెతికితే దారి దొరికింది. ఒక పాత్ర భంగిమలన్నీ ఒకే షీటు మీద గీసి, ఆ ఫైలు పేరుకు ముందు డాలర్ గుర్తు ($) పెడితే చాలు, షీటు ఎంత పెద్దదైనా సాఫ్ట్‌వేర్ దాన్ని అడ్డంగా 3, నిలువుగా 4 భాగాలు చేసుకుంటుంది. పై వరసలో మనవైపు చూసే బొమ్మ, తర్వాత ఎడమకు, కుడికి తిరిగినవి, అడుగున వీపు కనిపించేది. ప్రతి వరసలో మధ్యది నిలబడ్డ భంగిమ, అటూ ఇటూ అడుగు వేసేవి. తలకు 12 చుక్కల చొప్పున 120, చేతులకు అటూ ఇటూ 12. అలా ఒక్కో భాగం, అంటే ఫ్రేము, 144 వెడల్పు, 96 ఎత్తు వచ్చింది. షీటు మొత్తం 432, 384.

మొదటిసారి డాలర్ గుర్తు మరిచిపోయాం. సాఫ్ట్‌వేర్ దాన్ని ఎనిమిది పాత్రల షీటు అనుకుని 96 ముక్కలు చేసింది. తెర మీద రావణుడి మూడు తలలు మాత్రం నిలబడ్డాయి. ఇంకోసారి వాడు వెడల్పు 430కి కత్తిరించాడు. అది మూడు సమభాగాలు కాదు కదా, నడుస్తుంటే బొమ్మ వణికింది. పాదాలు ఫ్రేము అడుగున, సరిగ్గా మధ్యలో ఉండాలి, లేకపోతే గాల్లో తేలినట్టుంటుంది. బొమ్మ ఎంత పెద్దదైనా ఆటలో అది ఆక్రమించేది ఒక్క గడే. అందుకని హనుమంతుడు రావణుడి చేతుల మీదుగా నడిచి వెళ్లిపోయాడు. చుట్టూ గడుల్లో కనిపించని అడ్డులు పెట్టుకోవాల్సి వచ్చింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది అడుగు వరస. తోలుబొమ్మ తెర మీద ఎక్కువగా పక్కకు తిరిగే ఉంటుంది, వీపు చూపించదు. మరి తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు వెనక నుంచి ఎలా ఉంటాడు? పది కిరీటాల వెనక భాగం ఎలా ఉంటుంది? చూసి గీయడానికి నాకెక్కడా నమూనా దొరకలేదు. గ్రాఫ్ పేపరు మీద గీసి, చెరిపి, మళ్లీ గీశాను. తోలులో ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి దీపం వెలుగు నగల్లా మెరుస్తుంది కదా, ఆ మెరుపు కోసం చిల్లుకొక పసుపు చుక్క పెట్టాను. మెత్తటి బ్రష్ వాడితే అంచులు మసకబారుతున్నాయని మనవడు ఒక్కొక్క చుక్కే ఎక్కించాడు. రాముడికి 48 వెడల్పు, 96 ఎత్తు పట్టింది. హాస్యపాత్రలైన కేతిగాడు, బంగారక్క మాత్రం ఒక్క గడిలో హాయిగా సరిపోయారు.

ఈ కొలతలన్నీ మాకు ఇంగ్లీషులో, తలా ఒకచోట దొరికాయి. మనవడు చదివి చెప్పబట్టి సరిపోయింది. ఇంగ్లీషు చదవలేని పిల్లలు ఇచ్చిన కత్తివీరుల దగ్గరే ఆగిపోతారు. గీయగల చేతులు పల్లెటూరి బడుల్లో ఎన్ని ఉన్నాయో నేను కళ్లారా చూశాను.

అందుకే నా విన్నపం. నెలకొక ఆదివారం అడ్డంగా 3, నిలువుగా 4 ఖాళీ ఫ్రేములు, లోపల సన్నని గళ్లతో అచ్చు వేయండి. ఏ వరసలో ఏం గీయాలో, పెద్ద బొమ్మకు ఏ కొలత తీసుకోవాలో కింద తెలుగులో రాయండి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్ల కూడా పెన్సిల్‌తో గీసుకుంటుంది, బడిలో కంప్యూటర్ దొరికిన రోజు ఎక్కించుకుంటుంది. మొదటి నెలకు మా రావణుడి గ్రాఫ్ పేపర్లు జిరాక్స్ తీసి పంపుతాను. వీపు వరస మాత్రం ఖాళీగా ఉంచి పంపుతాను, అది పిల్లలే గీయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
ధర్మవరం