నడుము గడిలో రాస్తున్నది కొలతేనా?

సంపాదకుడు గారికి,

జిల్లా పేజీలో వైద్య శిబిరాల ఫొటోలు తరచూ చూస్తున్నాను. బీపీ మిషను ఉంటుంది, షుగరు చూసే మిషను ఉంటుంది. దర్జీ దగ్గరుండే టేపు మాత్రం కనపడదు. ఎన్‌సీడీ (బీపీ, షుగరు లాంటి అంటువ్యాధులు కాని జబ్బుల) సర్వేలో 30 ఏళ్లు దాటినవారికి నింపే పత్రంలో నడుము చుట్టుకొలతకూ ఒక గడి ఉంది. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ముప్పు స్కోరు పడుతుంది. మా వీధిలో ఆ గడిని "మీ ప్యాంటు సైజెంత?" అని అడిగి నింపేశారు.

ప్యాంటు మాట నమ్మడానికి లేదు. బొజ్జ పెరిగేకొద్దీ అది కిందికి జారుతుంది తప్ప సైజు మారదు. మా బావమరిదికి పదేళ్లుగా 34 సైజే, అంటే 86 సెంటీమీటర్లు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 64 కిలోలు, కాళ్లూ చేతులూ సన్నం. శిబిరంలో షుగరు నార్మల్ వచ్చింది. "మీకేం సార్, సన్నగా ఉన్నారు" అన్నారు. ఏడాది తిరక్కుండానే విశాఖలో స్టెంట్ వేయించాం. ఇంటికొచ్చాక టేపు పెట్టి చూస్తే 97 సెంటీమీటర్లు! ముందే కొలిస్తే స్టెంట్ తప్పేదని నేను అనను. అనుమానమైనా వచ్చేది కదా.

పొట్టలో కొవ్వంటే గాదెలో ధాన్యంలా ఊరికే పడి ఉంటుందనుకుంటాం. అది హార్మోన్లు వదిలే గ్రంథిలా పనిచేస్తుంది. ఇన్సులిన్‌కు సాయపడి, రక్తనాళాల లోపలి పొరను కాపాడే అడిపోనెక్టిన్ అనే హార్మోను బొజ్జ పెరిగేకొద్దీ తగ్గుతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ మాత్రం పెరుగుతుంది, కానీ మెదడు దాని మాట వినడం మానేస్తుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వులోంచి ఫ్యాటీ ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. దాంతో కాలేయం, కండరాలు ఇన్సులిన్‌ను లెక్కచేయవు. క్లోమం మరింత ఇన్సులిన్ పోసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. అంతకాలం షుగరు రిపోర్టు బాగానే ఉంటుంది. ఈలోగా రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె నాళాలు పాడవడం మొదలవుతుంది. షుగరు బయటపడేది చాలా ఆలస్యంగా.

సన్నగా ఉన్నాం కదా అన్న ధీమా మనవాళ్లకు అసలే పనికిరాదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తన ఫొటో, ఒక బ్రిటిష్ వైద్యుడి ఫొటో పక్కపక్కనే వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం బ్రిటిష్ వైద్యుడికి 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మా బావమరిది బీఎంఐ కూడా ఇంచుమించు అంతే. మా ఊరి అయోధ్య మైదానంలో పొద్దున్నే నాతో నడిచేవాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరో. (నడక అయ్యాక పూరీ తినేవాళ్లలో నేనూ ఒకణ్ని లెండి.)

ఆశా కార్యకర్తలను తప్పుపట్టను. ఇంటింటికీ తిరగాలి, ఫోన్‌లో వివరాలు ఎక్కించాలి, వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ టేపు ఖరీదెంత? పాతిక రూపాయలు. వైద్యాధికారులు ప్రతి కార్యకర్తకూ ఒకటి ఇచ్చి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలని ఒక పూట నేర్పితే చాలు. ఆడవారికి కాస్త చాటు చూపించాలి. 90 లేదా 80 దాటినవారికి షుగరు నార్మల్ వచ్చినా కొలెస్ట్రాల్ పరీక్ష రాయాలి.

అన్నట్టు, మీ విలేకరి ఈసారి శిబిరానికి వెళ్లినప్పుడు ఫొటోతోపాటు ఆ గడి ఎలా నింపుతున్నారో కూడా చూసి రాయమని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం