ద్రోహిని క్షమించడం అంత తేలిక కాదు

సంపాదకులకు నమస్కారం.

క్రైస్తవ క్షమ గురించి ప్రసంగించేవారు రెండో ప్రపంచయుద్ధ కాలపు డచ్ క్రైస్తవురాలు కోరీ టెన్ బూమ్‌ను తరచూ ఉదహరిస్తారు గాని, తాను ఖైదీగా ఉన్న రావెన్స్‌బ్రూక్ నాజీ నిర్బంధ శిబిరం కాపలాదారుకు ఆమె చేయి అందించిన ఘట్టం దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అంతకన్నా కఠినమైనది మరొకటుంది. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో గడియారాల దుకాణం నడుపుతూ యూదులకు ఆశ్రయమిచ్చిన ఆ కుటుంబాన్ని, అరెస్టయిన తన భార్యను విడిపించుకోవడానికి డబ్బు కావాలంటూ 1944 ఫిబ్రవరి 28న వచ్చిన సాటి డచ్చివాడే నాజీలకు పట్టించాడు. ఫ్లూ జ్వరంతో మంచం దిగి వచ్చిన కోరీ అతని మాట నమ్మారు. 84 ఏళ్ల తండ్రి పది రోజులకే ఖైదులో కన్నుమూశారు; అక్క బెట్సీ డిసెంబరులో శిబిరంలో మరణించారు. యుద్ధం ముగిశాక, క్షమించానంటూ ఆ ద్రోహికి కోరీయే ఉత్తరం రాశారు.

అంతకుముందు, అక్కతో ఖైదులో ఉండగా అతని పేరు తెలిసిననాడు తనలో రగిలిన పగను ఆమె దాచలేదు. అక్క అతని కోసం ప్రార్థిస్తోందని తెలిశాకే తానూ మొదలుపెట్టారు. కాబట్టి, మోసపోయినవారిని మరుసటి ఆదివారమే క్షమించెయ్యమని సంఘపెద్దలు తొందరపెట్టడం సరికాదు. పైగా, కోరీ క్షమించినా న్యాయస్థానం ఆ ద్రోహికి శిక్ష విధించింది. డబ్బు, స్థలాల మోసాల్లో పోలీసులకు ఫిర్యాదు చేసినవారిని విశ్వాసం లేనివారిగా చూడడం మన సంఘాలు ఇకనైనా మానాలి.

— ఒక పాఠకురాలు, నరసాపురం