స్వెటర్ పట్టీకి కుట్లు ఎత్తడం ఒక్క వాక్యంతో తేలే పని కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కొన్ని వారాలుగా వస్తున్న ఊలు అల్లిక పాఠాలను క్రమం తప్పకుండా చదువుతున్నాను. సూది మీద మొదటి కుట్లు వేసుకోవడం మొదలుకొని నిట్ (ఇవతలివైపు నున్నగా కనిపించే కుట్టు), పర్ల్ (ఇవతలివైపు గింజలా ఉబ్బి కనిపించే కుట్టు) వరుసల దాకా బొమ్మలతో ఎంతో ఓపికగా సాగిన ఆ పాఠాలు, పసిపిల్లల స్వెటర్ దగ్గరికి వచ్చేసరికి, సరిగ్గా చిక్కు ఉన్న చోటనే, ముందు అంచు వెంట కుట్లు ఎత్తుకుని పట్టీ (అంచుకు చేర్చి అల్లే సన్నని భాగం) అల్లాలన్న ఒకే ఒక్క వాక్యంతో ముగిసిపోయాయి. ఎక్కడ ఎత్తాలో, ఎన్ని ఎత్తాలో అందులో లేదు. పాతికేళ్లుగా అల్లుతున్న నాబోటి వాళ్లకు ఆ వాక్యం చాలు. కానీ పాఠం రాసింది మా కోసం కాదు కదా.

మొదటి తికమక మాటలోనే ఉంది. సూది మీద నుంచి జారి కిందికి దిగిపోయిన కుట్టును క్రోషే సూదితో, అంటే కొసన కొక్కెం ఉన్న సూదితో, మెట్టుమెట్టుగా పైకి తెచ్చుకోవడాన్నీ కుట్టు ఎత్తడమే అంటాం. అల్లడం పూర్తయిన ముక్క అంచు నుంచి కొత్త కుట్లు తీయడాన్నీ అదే మాటతో చెబుతాం. ఈ రెండో దానిలో మళ్లీ రెండు పద్ధతులున్నాయి. అంచులో ఉన్న దారాన్నే సూది మీదికి ఎక్కించుకోవడం ఒకటి, అంచులోకి సూది గుచ్చి, వెనక ఉన్న కొత్త దారాన్ని ఉచ్చుగా ఇవతలికి లాగడం మరొకటి. పట్టీలకైనా మెడకైనా దాదాపు ఎప్పుడూ కావలసింది ఈ చివరిదే. అలా లాగిన ఉచ్చులే ఒక నిట్ వరుసగా లెక్కకు వస్తాయి గనుక, ముక్కను తిప్పి ఆ తర్వాత అల్లేది వెనకవైపు వరుస అవుతుంది. ఈ సంగతి చెప్పకపోతే కొత్తవాళ్ల పట్టీలో నిట్ రావలసిన చోట పర్ల్ వచ్చి కూర్చుంటుంది.

ఇక ఎక్కడ గుచ్చాలన్నది. ఒకవైపు నిట్, మరోవైపు పర్ల్ అల్లిన మామూలు ముక్కను మంచివైపు మనకు కనిపించేలా పట్టుకుంటే, పక్క అంచు లోపలికి ముడుచుకుపోయి, చివరి కుట్లు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, వంకరటింకరగా కనిపిస్తాయి. కొత్తవాళ్ల కన్ను సహజంగా ఆ బయటి పోగు మీదే పడుతుంది, సూది కూడా దాని కిందికే పోతుంది. ఆ ఒంటిపోగు పట్టీ బరువుకు సాగి, ప్రతి కుట్టు దగ్గరా ఒక కన్నం తెరుచుకుంటుంది. అలా కాకుండా అంచును బొటనవేలితో కాస్త పక్కకు లాగి చూస్తే, మొదటి కుట్ల నిలువు వరుసకూ రెండో దానికీ మధ్య చిన్న నిచ్చెనమెట్లలాంటి అడ్డపోగులు కనిపిస్తాయి. సూదిని ఆ మెట్ల మధ్య సందులోకి, ముందు నుంచి వెనక్కి గుచ్చాలి. అప్పుడు అంచు కుట్టు మొత్తం, రెండు పోగులతో సహా, సూది మీద ఉంటుంది. అది సాగదు, పైగా వంకరటింకర భాగమంతా వెనకవైపుకు మడతపడి మరుగైపోతుంది. కుడిచేతివాళ్లు అంచు కుడి కొస నుంచి మొదలుపెట్టాలి. ఎత్తడానికి మాత్రం ఒక సైజు సన్నని సూది వాడితే సందులోకి సులువుగా దూరుతుంది. దారం లాగడానికి సూది మొరాయిస్తే క్రోషే సూదితో లాగి, ఒక్కొక్క ఉచ్చునూ అల్లిక సూది మీదికి ఎక్కించుకున్నా తప్పేమీ లేదు. అది చేతకానితనమని కొందరు పెదవి విరుస్తారు గానీ, నేను ఇప్పటికీ ముదురు రంగు ఊలుతో అలాగే చేస్తాను.

ఎన్ని ఎత్తాలన్నదే అసలు సంగతి. నా మొదటి స్వెటర్‌కు ముందు అంచులో 84 వరుసలు ఉన్నాయి, వరుసకు ఒకటి చొప్పున నిష్ఠగా 84 కుట్లు ఎత్తాను. పట్టీ పూర్తయ్యాక చూస్తే అది పట్టీలా లేదు, గౌను అంచుకు వేసే కుచ్చుల్లా అలలు అలలుగా లేచి నిలబడింది. తప్పు నా చేతిలో ఉందనుకుని దాన్ని రెండుసార్లు విప్పి, మళ్లీ అదే లెక్కతో అల్లాను. ఎవరూ చెప్పని విషయం ఏమిటంటే, కుట్టు చదరంగా ఉండదు, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. నా అల్లికలో 10 సెంటీమీటర్ల వెడల్పుకు 20 కుట్లు, అదే 10 సెంటీమీటర్ల ఎత్తుకు 28 వరుసలు వచ్చేవి. అంటే 84 వరుసల అంచు పొడవు 30 సెంటీమీటర్లు, దానికి సరిపడే కుట్లు 60. నేను ఎత్తిన 84 కుట్లకు 42 సెంటీమీటర్ల చోటు కావాలి. ఆ మిగిలిన 12 సెంటీమీటర్లే కుచ్చులయ్యాయి.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి అల్లికలో నాలుగు వరుసలకు మూడు కుట్లు ఎత్తుతారు. మూడు సందుల్లో వరుసగా తీసి, నాలుగోదాన్ని వదిలేస్తారు. వదిలిన చోట కన్నం పడుతుందని భయపడనక్కరలేదు. ఆ లెక్కన 84 వరుసలకు 63 వస్తాయి, కచ్చితమైన 60కి అది దగ్గరే, ఆ మూడు కుట్ల తేడా పట్టీలో సర్దుకుపోతుంది. ఇంకా నికార్సుగా కావాలంటే ఏడు వరుసలకు ఐదు ఎత్తవచ్చు. తక్కువ ఎత్తినా చిక్కే, పట్టీ అంచును లోపలికి గుంజి స్వెటర్ ముందుభాగాన్ని పైకి లేపేస్తుంది. అంచును సగానికి, మళ్లీ సగానికి మడిచి, ఆ మడతల దగ్గర వేరే రంగు దారం ముక్కలు కట్టుకుని, ఒక్కో భాగానికి ఇన్ని అని పంచుకుంటే, చివరికి వచ్చాక కుట్లు చాలలేదని గబగబా ఇరికించే అవస్థ తప్పుతుంది.

ఈ లెక్క అన్ని అంచులకూ వర్తించదు. కుట్లు ముగించిన అడ్డం అంచు మీద, అంటే వెనక మెడ దగ్గర, కుట్టుకు కుట్టు ఎత్తాలి, అదీ పైన కనిపించే గొలుసులోకి కాకుండా దాని కింద ఉన్న కుట్టు నడుమకు గుచ్చి. అన్నీ నిట్ వరుసలే అల్లిన ముక్కలో రెండు వరుసలు కలిసి ఒక గట్టులా లేస్తాయి, గట్టుకు ఒకటి చాలు. మేజోడు మడమ పట్టీలో ప్రతి వరుస మొదటి కుట్టునూ అల్లకుండా రెండో సూది మీదికి జరుపుకుంటూ పోతే 32 వరుసలకు అంచులో 16 గొలుసుకళ్లు వస్తాయి, కంటికి ఒకటి ఎత్తాలి. ముందు మెడ వంపులో మెట్టు దిగే చోట పెద్ద కన్నం కనిపిస్తుంది, సూదిని అందులోకి పంపాలనిపిస్తుంది. పంపకూడదు. దాని పక్కన గట్టిగా ఉన్న కుట్టులోకి గుచ్చి, ఒకటి అదనంగా వస్తే తర్వాతి వరుసలో రెండు కలిపి అల్లేయాలి.

మీ పాఠాలు రాస్తున్నవారిని నేను తప్పుపట్టడం లేదు. చెయ్యి తిరిగినవాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పనిగా తోచదు, నాకూ చాలాకాలం తోచలేదు. అయితే వచ్చే వారాల్లో మెడ, చేతుల పాఠాలు ఉన్నాయని ప్రకటించారు కాబట్టి, అవి రాకముందే, అంచును మాత్రమే పెద్దదిగా చూపించే ఒక బొమ్మ, సూది మొన దూరవలసిన సందు స్పష్టంగా కనిపించేలా, వేయించవలసిందిగా కోరుతున్నాను. ఎత్తవలసిన కుట్ల సంఖ్య ఇచ్చినప్పుడల్లా, అది ఎన్ని వరుసల అంచుకో కూడా పక్కనే రాయించండి. అల్లేవాళ్ల చెయ్యి బిగువును బట్టి వరుసలు మారతాయి, వరుసలు మారితే ఆ సంఖ్యా మారాలి. స్వెటర్ మీద చెయ్యి పెట్టే ముందు, కొలత కోసం అల్లుకున్న చిన్న నమూనా ముక్క పక్క అంచులోనే ఒకసారి ఎత్తి చూడమని పాఠకులకు చెప్పించండి. నచ్చకపోతే సూది తీసేసి కొత్త దారం కొస లాగితే చాలు, ఎత్తిన కుట్లన్నీ ఊడివస్తాయి, కింది ముక్కకు ఏమీ కాదు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు