కారు సీట్లపై పొలం మందులు కొట్టడం ఆపాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

అయ్యా,

వానలు మొదలైన దగ్గర నుంచి చలికాలం ముగిసేదాకా ఒడిశాలోని మా రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం ప్రాంతాల్లో కార్లు, జీపుల లోపల కంటికి ఆనీ ఆనని సన్న పురుగులు చేరుతున్నాయి. వాటిలో ప్రయాణించేవారు దురదలతో, తుమ్ములతో, ఆయాసంతో బాధపడటం ఏటా చూస్తున్నాం. ఆ పురుగులను వదిలించుకోవడానికి కొందరు డ్రైవర్లు, సర్వీసింగ్ షెడ్ల వారు పత్తి చేలకు కొట్టే మందులను తెచ్చి సీట్ల మీద, మ్యాట్ల కింద పిచికారీ చేస్తున్నారు. ఈ అలవాటు ఆగాలని, పురుగు పోయే సరైన దారి ఏమిటో పదిమందికీ తెలియాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను రాయగడలో వాహనాల సీట్లకు కుషన్ పని చేసే దుకాణం నడుపుతున్నాను. సీటు పైగుడ్డ కింద ఏముంటుందో బండి యజమాని కంటే ముందుగా చూసేది మాలాంటివారే కాబట్టి, ఈ విషయంలో చెప్పవలసిన బాధ్యత మాకు కొంత ఉందని భావిస్తున్నాను.

వెనక సీటూ దాని ఆనుడూ కలిసే సందులో చెయ్యి పెడితే పల్లీ పొట్టు, మరమరాలు, బిస్కెట్ పొడి, గుడిలో పంచిన కొబ్బరి ముక్క, పిల్లల నోటి నుంచి జారిన మెతుకులు, వెంట్రుకలు తగులుతాయి. వానకాలంలో ఫోమ్‌ను బొటనవేలితో నొక్కితే చెమ్మ వేలికి అంటుతుంది. ఫోమ్ అంచున నల్లని బూజు చుక్కలు, వాటి పక్కనే పిండి చల్లినట్టు ఒక తెల్లని పొర కనిపిస్తాయి. ఆ పొరను నల్ల రెక్జిన్ ముక్క మీదికి దులిపి, గడియారాలు బాగుచేసేవారు వాడే భూతద్దంతో కాసేపు ఓపికగా చూస్తే, అది కదులుతుంది.

అలా కదిలేవన్నీ ఒక జాతివి కావు. ఏ పురుగు ఉందో చూడకుండా మందు మొదలుపెట్టడం వల్లనే డబ్బూ ఆరోగ్యమూ రెండూ పోతున్నాయి. బూజు తిని బతికే మైట్లు అనే అతి సన్న పురుగులు, పాత పుస్తకాల్లోనూ చెమ్మగోడల మీదా కనిపించే లేత రంగు బుక్‌లైస్ మనిషిని కుట్టవు. డస్ట్ మైట్లు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు, మామూలు కంటికి కనిపించవు. అవి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటాయి. అవీ కుట్టవు కానీ, వాటి మలం ధూళితో కలిసి ఊపిరిలోకి పోతే ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు మొదలవుతాయి. కుట్టేవి వేరే ఉన్నాయి. సంతకు నాటుకోళ్లను, మేకలను ఎక్కించుకుపోయే బండ్లలో కోళ్ల మైట్లు, గోమార్లు దిగబడతాయి. మూటలు, పరుపుల వెంట నల్లులు వస్తాయి. ఇవి కాక, డిక్కీలో బియ్యం బస్తా నుంచి ముక్కుపురుగు, చోడిపిండి నుంచి ఎర్ర పిండిపురుగు, ఎండుచేపల బుట్ట నుంచి నూగు పురుగు చేరతాయి. ఈ నూగు పురుగు పిల్ల ఒంటి మీది వెంట్రుకలు తగిలినా కొందరికి దద్దుర్లు వస్తాయి. చాలామంది అది కాటు అనుకొని భయపడతారు.

వీటిలో మైట్లకు, బుక్‌లైస్‌కు తేమే ప్రాణం. డస్ట్ మైట్ నీళ్లు తాగదు, గాలిలోని ఆవిరినే ఒంట్లోకి పీల్చుకుంటుంది. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గి కొన్ని వారాల పాటు అలాగే ఉంటే అది ఎండి చచ్చిపోతుంది. వానకాలంలో మా కొండ ప్రాంతంలో తేమ 80 శాతం దాటడం మామూలే. దానికి తోడు మన చేతులతో మనమే బండిలోకి మరింత తేమ తెచ్చిపెడుతున్నాం. కొత్త కారు కొన్నవారు షోరూములో సీట్లకు వేసి ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగులను ఏళ్ల తరబడి తీయరు. ఖరీదైన గుడ్డ మాసిపోకూడదన్న జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ ఆ ప్లాస్టిక్ కింద చేరిన చెమట, చెమ్మ బయటికి పోయే దారి లేక సీటు బూజు పట్టిపోతుంది. సీటు కవర్లు కుట్టడం నా జీవనాధారమే అయినా, గాలి ఆడని మందపాటి రెక్జిన్‌ను తడిసిన సీటు మీద తొడిగించుకోవద్దని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతూనే ఉన్నాను.

అంతకంటే ఎక్కువగా మోసం చేసేది ఏసీ నీటి గొట్టం. ఏసీ నడుస్తున్నప్పుడు లోపలి కాయిల్ మీద పట్టిన నీరు ఒక సన్నని గొట్టం ద్వారా బండి కిందికి కారిపోవాలి. మట్టితో, ఆకుల చెత్తతో ఆ గొట్టం పూడుకుపోతే నీరు వెనక్కి మళ్లి, చాలా కార్లలో ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గరికి చేరుతుంది. పైన పరిచిన రబ్బరు మ్యాటు పొడిగానే ఉంటుంది కానీ, కిందనున్న ఫెల్టు రోజుల తరబడి నానుతూనే ఉంటుంది. వానకాలంలో ఏసీ వేసి అరగంట నడిపి ఆపిన బండి కింద నీటి చుక్క పడకపోతే, ఏ మందు గురించీ ఆలోచించక ముందే ఆ గొట్టాన్ని శుభ్రం చేయించాలి. తలుపుల రబ్బరు బీడింగ్ చిరిగి వాన లోపలికి దిగే బండ్లూ ఎన్నో ఉన్నాయి. ముసురు రోజుల్లో లోపలంతా షాంపూతో కడిగించి, సగం ఆరిన సీట్లతో అద్దాలు మూసి నిలిపిన కారులో వారం తిరక్కముందే పురుగు రెట్టింపవుతుందన్నది మా దుకాణంలో ప్రతి ఏడూ తేలుతున్న విషయం.

ఇక మందుల సంగతి. గుణుపురం, బిస్సంకటక్ వైపు పత్తి సాగు ఎక్కువ కాబట్టి ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు ప్రతి ఇంటా ఉంటాయి. మిగిలిన మందును చిన్న సీసాల్లో పోసి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఆ సీసాల మీద చీటీ ఉండదు. అసలు డబ్బా మీది హెచ్చరికలు ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటే, తెలుగు మాత్రమే చదివే మా పెద్దవాళ్లకు అవి అందవు. ఇవి నరాల మీద పనిచేసే విషాలు. బయలు పొలంలో ఎండకు, గాలికి విరిగిపోయే మందు మూసిన కారులో ఫోమ్‌లోకి ఇంకి చాలాకాలం నిలుస్తుంది. తలనొప్పి, వాంతులు, నోట చొంగ, కళ్ల వెంట నీరు, కనుపాపలు చిన్నవైపోవడం, ఊపిరి ఆడకపోవడం ఈ విషం లక్షణాలు. ఒక అద్దె కారులో విశాఖపట్నం ఆస్పత్రి నుంచి ఒక బాలింతను, పసిబిడ్డను ఇంటికి తీసుకువస్తుండగా, కూనేరు దాటకముందే తల్లికి ఆగకుండా వాంతులయ్యాయి. దారి మలుపుల వల్ల అనుకున్నారు. ఆ బండి నా దగ్గరికి వచ్చినప్పుడు వెనక సీటు విప్పితే పత్తి మందు వాసన గుప్పుమంది. ఆమె బాధకు కారణం అదేనని రుజువు చేయడం నా వల్ల కాదు. కానీ అలాంటి సీటు మీద వారం రోజుల బిడ్డను గంటల తరబడి పడుకోబెట్టడం ఎంతమాత్రం సమ్మతించదగినది కాదు.

డైక్లోర్వాస్ అనే పురుగుమందును కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. పాత నిల్వ ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల విషయంలో మరింత గట్టిగా చెప్పాలి. గాలిలోని తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, అది ప్రాణాలు తీస్తుంది, రాగి తీగలను కూడా తినేస్తుంది. అవి మామూలు జనానికి అమ్మవలసిన సరుకే కాదు. నాఫ్తలీన్‌తో చేసే కలరా ఉండలు నిరపాయమని అందరూ నమ్ముతారు. అయితే తరతరాలుగా మలేరియా ఉన్న ప్రాంతాల్లో జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు ఎక్కువగా ఉంటారు. అటువంటి పసిబిడ్డ నాఫ్తలీన్ ఆవిరి పీలిస్తే ఎర్ర రక్తకణాలు విరిగి, కామెర్లు ప్రమాదకరంగా ముదరవచ్చు. మా జిల్లాల్లో ఈ మాట ప్రతి డ్రైవరుకూ తెలియాలి. కిరోసిన్‌తో తుడవడం వల్ల కలిగే అగ్ని ప్రమాదం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఏ మందు కొట్టినా చచ్చిన మైట్ల పొట్టు, మలం సీటులోనే మిగిలి తుమ్ములు తెప్పిస్తూనే ఉంటాయి, చెమ్మ ఉన్నంతకాలం కొత్తవి పుడుతూనే ఉంటాయి. కాబట్టి మొదట బండిని పూర్తిగా ఖాళీ చేయాలి. స్టెప్నీ గుంటను కూడా వదలకూడదు, డిక్కీలో ఒలికిన గింజలన్నీ అక్కడికే చేరతాయి. చాలా కార్లలో వెనక సీటు అడుగుభాగం రెండు క్లిప్పుల మీదో, బోల్టుల మీదో నిలుస్తుంది, తేలికగా బయటికి వస్తుంది. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగు తీగలని గుర్తించి, తెలిసిన మెకానిక్ చేతనే విప్పించాలి. సన్నమూతి గొట్టం బిగించిన వాక్యూమ్ క్లీనర్‌తో కుట్ల వెంబడి, సీటు పట్టాల మధ్య, బెల్టు బకిల్స్ చుట్టూ చాలా నెమ్మదిగా లాగాలి. హడావుడిగా లాగితే పైదుమ్మే వస్తుంది. సన్నధూళిని ఆపే హెపా ఫిల్టరు ఉన్న యంత్రమైతే మేలు. నిండిన సంచిని అక్కడికక్కడే మూతి కట్టి పారేయాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. ఊడదీయగలిగిన గుడ్డ కవర్లను 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే మైట్లు చస్తాయి, అలర్జీ కలిగించే పదార్థమూ చాలావరకు కొట్టుకుపోతుంది.

ఆ తర్వాత ఆరబెట్టడం. ఇందులోనే అందరూ తొందరపడతారు. మ్యాట్లనూ ఫెల్టునూ బయటికి తీసి ఎండ తగిలేలా వేలాడదీయాలి. బండి తలుపులన్నీ తెరిచి ముందు చెమ్మను బయటికి పోనివ్వాలి. చెమ్మ పోయాక అద్దాలు మూసి మంచి ఎండలో నిలపాలి. అలా నిలిపిన కారులో గాలి గంటలో బయటికంటే 20 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఫోమ్ లోపలి భాగం మాత్రం అంత త్వరగా వేడెక్కదు కాబట్టి, సీట్లను విడిగా తీసి రెండు వైపులా తిప్పుతూ ఎండబెట్టడమే మంచిది. ఆ సమయంలో పిల్లలనూ జంతువులనూ కారు దరిదాపులకు రానివ్వకూడదు, లైటర్లు, స్ప్రే డబ్బాలు లోపల ఉంచకూడదు. ఎండ లేని ముసురు రోజుల్లో బయలు ప్రదేశంలో ఇంజను నడిపి, ఏసీనీ హీటరునూ కలిపి వేసి, బయటి గాలి లోపలికి వచ్చే మీట పెడితే ఏసీ తేమను లాగేస్తుంది. మూసిన షెడ్డులో ఈ పని చేస్తే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. గ్లోవ్ బాక్సు వెనక ఉండే క్యాబిన్ ఫిల్టరును మా వైపు దుమ్ముకు ఏడాదికొకసారి తప్పక మార్చాలి. ప్రయాణం ముగియడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ కట్టేసి ఫ్యాను మాత్రం తిప్పితే కాయిల్ ఆరి బూజు పట్టదు. వేపాకులు, సాంబ్రాణి మీద నమ్మకం ఉన్నవారిని నేను నొప్పించదలచుకోలేదు. కానీ పొగకు మైట్లు చావవు, చెమ్మపట్టి కుళ్లిన ఆకులు బూజు తినే పురుగులకు మేతగా మారతాయి.

నల్లులకు మాత్రం తేమ తగ్గించడం చాలదు. గుడ్లతో సహా చావాలంటే 50 డిగ్రీలకు మించిన వేడి అవి దాక్కున్న ప్రతి సందుకూ చేరాలి. మామూలు స్ప్రేలకు చాలాచోట్ల అవి లొంగడం మానేశాయి కాబట్టి, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోలు వారిని పిలవడం తప్పదు. బొద్దింకలకు స్ప్రే అవసరం లేదు, జెల్ చుక్కలు పిల్లల చేతికి అందని సందుల్లో పెడితే సరిపోతుంది.

స్క్రబ్ టైఫస్ గురించి వార్తలు వచ్చినప్పటి నుంచి కారులోని మైట్ల వల్ల ఆ జ్వరం వస్తుందేమోనని నన్ను అడుగుతున్నారు. ఆ జ్వరం తెచ్చే చిగ్గర్ మైట్ల పిల్లలు పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉంటాయి. సీట్లలో కాపురం పెట్టవు. పొదల్లో తిరిగివచ్చినవారు బట్టలు మార్చుకొని స్నానం చేయాలి. జ్వరంతో పాటు ఒంటి మీద నల్లని చెక్కు కట్టిన మచ్చ కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. దీనికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు బాగా పనిచేస్తుంది.

రోగులను, బాలింతలను, బడిపిల్లలను తీసుకుపోయే అద్దె వాహనాలు ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చినప్పుడు అధికారులు బ్రేకులు, లైట్లతో పాటు వెనక సీటు ఒకసారి ఎత్తి చూడాలని కోరుతున్నాను. టాక్సీ స్టాండ్లలో డ్రైవరు సోదరులు ఉదయం చదివేది మీ పత్రికే. మందు డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఎరుపు అన్నింటికంటే ప్రమాదకరమైన విషమన్న సంగతిని, పై జాగ్రత్తలను వానలకు ముందే మా సరిహద్దు జిల్లాల పేజీలో బొమ్మలతో ప్రచురిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. ఇప్పటికే పొలం మందు కొట్టిన సీట్లు ఉన్నవారు వాటిని కడిగి వాడుకోవాలని చూడవద్దు. చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు వేసుకొని ఫోమ్, పైగుడ్డ రెండూ తీయించి మార్పించుకోవాలి. తీసిన ఫోమ్‌ను తగలబెట్టకూడదు, పశువుల పాకలో పరవకూడదు, ఎవరికీ దిండ్లలో కూరుకోవడానికి ఇవ్వకూడదు.

ఇట్లు,
తమ పాఠకుడు,
కుషన్ పనివారు, రాయగడ, ఒడిశా